మోగని ఫోర్కు

మెదక్‌లో నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. నిజాం కాలం చివరి రోజుల్లో ఠాణాలో పడి ఉన్న ఒక చెవిటి బండివాణ్ని, అప్పుడు పడుచు డాక్టరుగా ఉన్న నేను పోలీసు అమీన్‌కు ఎదురు నిలిచి విడిపించానని ఆ కథ. దవాఖాన ముందున్న చాయ్ హోటల్లో నలిగి, తర్వాత నా దగ్గర చదువుకున్న డాక్టర్ల నోళ్లలో తిరిగి, చివరికి నాకు జరగబోయే సన్మానం కోసం వేస్తున్న పుస్తకంలోకి ఎక్కింది. ఆ పుస్తకం పని చూస్తున్నవాళ్లు ఈ మధ్య హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చి ఆ పేజీ చదివి వినిపించారు. అది తీసేయండి అన్నాను. వినయంతో అన్నాననుకుని నవ్వారు.

వినయం కాదు. అది జరగలేదు. ఆ మనిషిని జైలుకు పంపింది నా మాట. విడిపించింది నేను కాదు. చెవుల మీద నేను చేసిన పనికి మొదలు కూడా అక్కడే ఉంది కాబట్టి, వరుసగా రాస్తేనే అర్థమవుతుంది.

మాది మెదక్ దగ్గర పొలాలున్న కుటుంబం. హైదరాబాద్‌లో ఉర్దూలో వైద్యం చదివి, తిరిగి మా ఊరి దవాఖానకే చిన్న డాక్టరుగా వచ్చాను. పెద్ద డాక్టరు గారు రోజులు బాగా లేవని కుటుంబాన్ని హైదరాబాద్‌లో దింపడానికి వెళ్లి, సెలవు పొడిగించుకుంటూ అక్కడే ఉండిపోయారు. అందుచేత కాన్పుల దగ్గర్నుంచి కర్ర దెబ్బల దాకా అన్నీ నా మీదే పడ్డాయి. అయినా నా మనసు చెవుల మీద ఉండేది. మా పక్క చెవి కారని ఇల్లు తక్కువ. చెవి కారితే వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తారు, పైన దూది పెడతారు. లోపల చీము అలాగే ఉంటుంది. కొన్నేళ్లకు చెవి పొర చిల్లిపడుతుంది. అయినా ఎవరూ దాన్ని రోగం అనుకోరు. జలుబు లాంటిది అనుకుంటారు.

నాకు చదువు చెప్పిన ఒక ప్రొఫెసరు ఉద్యోగం విడిచి వెళ్తూ తన ట్యూనింగ్ ఫోర్కును నాకు ఇచ్చారు. రెండు కాళ్ల ఉక్కు ముక్క అది. మోకాలి మీద కొడితే సన్నగా మోగుతుంది. మోగుతున్నదాన్ని చెవి దగ్గర పెట్టి, వినిపిస్తోందా అని అడగాలి. తర్వాత దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనించి, ఇక్కడ ఎక్కువ వినిపిస్తోందా, బయట ఎక్కువా అని అడగాలి. జవాబును బట్టి లోపల ఏది చెడిందో చెప్పవచ్చు. జిల్లాలో ఇంకెవరి దగ్గరా అలాంటిది లేదని నాకు కొంచెం గర్వంగా ఉండేది. వచ్చిన ప్రతివాడి చెవి దగ్గరా దాన్ని పెట్టేవాణ్ని. ఎవరిని అడిగినా వినిపిస్తోందనే అనేవారు. చెవులు ఎంత కారినా మా పల్లెవాళ్లకు వినికిడి చెడదనే ఒక అభిప్రాయానికి కూడా వచ్చాను. దాని మీద ఒక వ్యాసం రాయాలని అనుకుంటూ ఉన్నాను.

అప్పటి పరిస్థితి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఒకవైపు దొరల మీద, నిజాం మీద తిరగబడ్డ సంగం వాళ్లు, ఇంకోవైపు నిజాం పక్షాన రజాకార్లు. రైతు పండించిన దాంట్లో సర్కారుకు లేవీ ధాన్యం కొలవాలి. అనుమతి లేకుండా బండిలో బియ్యం కదిలిస్తే, అవి సంగం వాళ్లకు పోతున్నాయని పోలీసుల అనుమానం. నల్గొండ వైపు జరిగినంత మా వైపు జరగలేదు గానీ, భయం మాత్రం అంతే ఉండేది.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం అమీన్ స్వయంగా దవాఖానకు వచ్చాడు. అమీన్ అంటే ఇప్పటి సబ్ ఇన్‌స్పెక్టరు. బాగా మాట్లాడే మనిషి, నాతో మర్యాదగానే ఉండేవాడు. వెనక ఇద్దరు జవాన్లు ఒక మనిషిని తాడుతో పట్టుకుని ఉన్నారు. నా వయసువాడే. రెండు చెవుల్లోనూ నూనెతో నల్లబడిన దూది. ఆ వాసన గదిలోకి ముందే వచ్చింది.

"డాక్టర్ సాబ్, గీనిది కుల్చారం దిక్కు. బండి గొడ్తడు" అన్నాడు అమీన్. "బియ్యం ఏసుకోని వస్తుండు. మా జవాన్లు ఠహరో ఠహరో అని గొంతు పోయేటట్టు మొత్తుకున్నరు. ఆగలే. ఉరికి పట్టుకున్నరు. ఠాణల నేనే అడిగిన, సంగపోల్లకు గొండవోతున్నవారా అని. అవునయ్యా అన్నడు. సాఫ్‌గ ఒప్పుకున్నడు. గిప్పుడు పెండ్లం వచ్చి, మా ఆయన చెవిటోడు, ఆయనకేం ఇనవడదు అని ఏడుస్తది. ఇనవడకపోతె జవాబెట్ల జెప్పిండు? మీరే జెప్పుండ్రి."

ఆ ప్రశ్న నాకు న్యాయంగానే తోచింది.

"బియ్యం ఎవరివి?" అన్నాను.

"పటేల్ బియ్యమంటది గాయన పెండ్లం. పటేల్‌ను పిలిపిస్తె నాకేం ఎర్కలేదంటుండు. గా తకరార్ నాది. మీది చెవుల ముచ్చట. ఈనికి ఇనవడ్తదా, ఇనవడదా? ఇనవడదంటె ఇడిచిపెడ్త. ఇనవడ్తదంటె జిల్లా జైలుకు తోలుత."

అతని బతుకు నా చేతిలో ఉందని అంత స్పష్టంగా నాకు చెప్పాడు. తెలియక జరిగిందని నేను అనలేను.

బండివాణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి చెవులు తుడిచాను. ఎడమ చెవి పొర దాదాపు లేదు. కుడి చెవిలో చిల్లు ఉంది గానీ కొంత పొర మిగిలి ఉంది. అతను నా మొహం మీంచి చూపు తిప్పలేదు. భయపడ్డవాడు అలాగే చూస్తాడనుకున్నాను. ఫోర్కు మోగించి కుడి చెవి దగ్గర పెట్టి, తలాడించి, "ఇనవడ్తుందా?" అన్నాను.

"అవునయ్యా, ఇనవడ్తుంది" అన్నాడు.

ఎడమ చెవి దగ్గర పెట్టాను.

"అవునయ్యా."

కాడను ఎముకకు ఆనించాను. "యాడ ఎక్కువ ఇనవడ్తుంది? ఎముక మీదనా, బయటనా?"

"అవునయ్యా" అన్నాడు, రెండు చేతులూ జోడించి.

అమీన్ పెద్దగా నవ్వాడు. "జూసిన్రా? మీతోని గుడ ఆటలాడుతుండు."

నేనూ నవ్వాను. అక్కడే ఆగి ఉండాల్సింది. రెండింట్లో ఏది అని అడిగితే అవును అన్నవాడికి నా ప్రశ్న చేరలేదని, వైద్యం చదవనివాడికైనా తట్టాలి. పల్లెటూరివాడు, ప్రశ్న అర్థం కాలేదు అనుకున్నాను. పైగా, చెవి కారినా వినికిడి చెడదన్న నా అభిప్రాయానికి ఇతను ఇంకొక సాక్ష్యం అనిపించాడు.

"చెవుల్లో రోగముంది. కానీ వినిపిస్తుంది" అని అమీన్‌కు చెప్పాను. తాడు పట్టుకున్న జవాను దాన్ని గుంజాడు. లేస్తూ కూడా అతను నాకు దండం పెట్టాడు.

తర్వాతి అంగడి రోజున బయట బెంచీల నిండా మనుషులు ఉన్నారు. టేక్మాల్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ముందు కూర్చుంది. ఫోర్కును మోకాలి మీద కొట్టి చెవి దగ్గరికి తెస్తుండగా నా చొక్కా చేతి అంచు దాని కాళ్లకు తగిలింది. మోత ఆగిపోయింది. తగిలిన సంగతి నేను గమనించేలోపే, "ఇనవడ్తుందా అవ్వా?" అని నోరు అడిగేసింది.

"ఇనవడ్తుంది బిడ్డా."

నా చెవి దగ్గర పెట్టుకుని చూశాను. ఏ చప్పుడూ లేదు. సరే, ఈసారి కావాలనే రెండు కాళ్లను వేళ్లతో గట్టిగా పట్టుకుని ఆమె రెండో చెవి దగ్గర పెట్టాను.

"గీ దిక్కు?"

"గీ దిక్కు గుడ మంచిగ ఇనవడ్తుంది."

ఆమెను పక్కన కూర్చోమని తర్వాతి మనిషిని పిలిచాను. నెత్తికి రుమాలు చుట్టిన పెద్దాయన. మోగని ఫోర్కును చెవి దగ్గర పెట్టాను. ఇనవడ్తుందన్నాడు. ఆ తర్వాత బట్టల దుకాణం ఆయన వచ్చాడు. నాలుగు ఊళ్లు తిరిగినవాడు, బేరమాడటంలో గట్టివాడు. ఆయన కాసేపు తల వంచి, కళ్లు మూసుకుని, "ఇనవడ్తుంది గని, జర తక్కువుంది డాక్టర్ సాబ్" అన్నాడు.

ముసలమ్మ దగ్గరికి తిరిగి వెళ్లి ఆమె చెవిలోకి వంగి గట్టిగా అడిగాను. "అవ్వా, నిజం జెప్పు. నీకు నిజంగ ఇనవడ్డదా?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. "ఏమో బిడ్డా. ఇంత సదువుకున్నోనివి, నీ చేతులతోని తెచ్చి పెడ్తివి. ఇనవడలేదంటె బాగుంటదా?"

బెంచీ మీదివాళ్లు నవ్వారు. "గంతే గదా సారూ" అన్నాడు రుమాలు పెద్దాయన. "పెద్దోల్లు అడిగినంక లేదంటరా ఎవరన్న?"

మా ప్రాంతంలో పెరిగినవాణ్ని నేను. మా ఇంటి వాకిట్లో నిలబడి మా నాయన ఏమడిగినా జీతగాళ్లు అవునయ్యా అనడం రోజూ విన్నవాణ్ని. పని అయిందా అంటే అయిందయ్యా అంటారు. కాకపోతే తర్వాత చేస్తారు. పటేల్ ముందు, పట్వారీ ముందు, పోలీసు ముందు లేదు అన్న మాట రాదు. అది అబద్ధం అని వాళ్లూ అనుకోరు, మేమూ అనుకోలేదు. కుర్చీలో ఉన్నవాడికి ఇచ్చే మర్యాద అది. ఆ మర్యాదను నేను వినికిడి అని లెక్కవేసుకుంటూ వచ్చాను. బండివాడి విషయంలో అమీన్ ఠాణాలో ఏ తప్పు చేశాడో, ఫోర్కు పట్టుకుని నేను దవాఖానలో అదే తప్పు చేశాను.

అది నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. అప్పటికి బండివాడు ఇంకా ఊళ్లోని ఠాణాలోనే ఉన్నాడని కూడా తెలుసు. వెంటనే పోలేదు. ఆ రోజు అంగడి అని, మర్నాడు ఒక కాన్పు కష్టమైందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. అమీన్ దగ్గరికి పోయి నేను చెప్పింది తప్పు అంటే, నన్ను కూడా సంగం వైపు మనిషి అనుకుంటాడేమోనని భయం. ఆ భయం ఆ రోజుల్లో అందరికీ ఉన్నదే, దానికి నేను మరీ సిగ్గుపడను. రెండోది ఇంకా చిన్నది. జిల్లాలో చెవుల సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అన్న పేరు అప్పుడప్పుడే వస్తోంది.

చివరికి పోయాను. ఠాణా గోడ పక్కన ఒక ఆడమనిషి సద్దిమూటతో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. బండివాడి భార్య.

"డాక్టరయ్యా, మీరన్న జర చెప్పుండ్రి. ఆయనకు చిన్నప్పటి సంది గంతే. మొకం జూసి అవునంటడు. నేను తిట్టినా అవునంటడు. మా అత్త సచ్చినప్పుడు వచ్చినోల్లు ఏమడుగుతున్నరో తెల్వక అవునవును అనుకుంట తలూపిండు. గసొంటోడు ఏం ఒప్పుకున్నడయ్యా?"

"అందుకే వచ్చినమ్మా" అన్నాను. ఆ క్షణంలో అది నిజమే.

లోపల అమీన్ పక్కన పైనుంచి వచ్చిన ఒక అధికారి ఉన్నాడు. నన్ను చూడగానే అమీన్ కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు. "సాబ్, నేను జెప్పిన డాక్టర్ ఈయననే" అన్నాడు ఆ అధికారితో. "ఈయన తాన ఒక లోహం ముక్క ఉంటది. అది పెట్టిండంటె చెవి అబద్ధం చెప్పలేదు." అధికారి నా వైపు మెచ్చుకోలుగా చూసి, తన చెవిలో కూడా ఒక్కోసారి ఈల వేసినట్టు ఉంటుందని, ఎప్పుడు రమ్మంటారని అడిగాడు.

చాయ్ తాగాను. ఆయన చెవి గురించి మాట్లాడాం. లేవబోయే ముందు, "ఆ బండి మనిషి చెవులు కారుతున్నాయి. రోజూ తుడిచి మందు వేయకపోతే చెడిపోతాయి" అన్నాను.

"జైల్ల డాక్టర్లు లేరా సాబ్?" అన్నాడు అమీన్. "మీది మరీ మెత్తటి దిల్."

అంతే. నేను అన్నది ఆ ఒక్క మాట. ఎదురు నిలిచానని ఇప్పుడు చెప్పుకుంటున్నది దీన్నే.

బయటికి రాగానే ఆమె ఎదురొచ్చింది. "ఏమన్నరయ్యా?"

"చెప్పిన. చూస్తమన్నరు" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, నా కాళ్లకు మొక్కబోతే నేను పక్కకు జరిగి వచ్చేశాను. ఆ వారంలోనే అతన్ని జిల్లా జైలుకు పంపించారు.

ఆ తర్వాత పోలీస్ చర్య వచ్చింది. ముందు విమానాలు వచ్చాయి. ఖిల్లా ఎక్కి చూసినవాళ్లు దూరంగా రోడ్డు మీద దుమ్ము లేస్తోందని చెప్పారు. దుకాణాలు మూసేశారు. మిలిటరీ లారీలు ఊళ్లోకి వచ్చినప్పుడు కొందరు పూలు చల్లారు, కొందరు తలుపులు వేసుకున్నారు. ఎవరు ఎవరికి భయపడాలన్నది నాలుగు రోజుల్లో తలకిందులైంది. అమీన్ కుటుంబాన్ని తీసుకుని వెళ్లిపోయాడని అన్నారు. వెళ్లే ముందు వాళ్ల అమ్మ దగ్గుకు మందు కోసం మనిషిని పంపించాడు, ఇచ్చాను. మళ్లీ అతన్ని చూడలేదు.

కేసు పెట్టినవాడు లేడు. సాక్ష్యం చెప్పాల్సిన జవాన్లు ఎటు పోయారో తెలియదు. కొన్ని వారాలకు జిల్లా జైల్లోని చిన్న కేసులవాళ్లను వదిలేస్తూ బండివాణ్ని కూడా వదిలేశారు. అతన్ని విడిపించింది ఇది. నా పేరు అక్కడ ఎవరికీ తెలియదు.

జైలు నుంచి అతను తిన్నగా ఇంటికి పోలేకపోయాడు. భార్య బండి కట్టించుకుని దవాఖానకు తెచ్చింది. కుడి చెవి వెనక నిమ్మకాయంత వాపు. ఒళ్లు కాలిపోతోంది. చీము ఎముకలోకి దిగింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే తలలోకి పోయేది. మత్తు ఇచ్చి, చెవి వెనక కోసి, పాడైన ఎముక గీకి తీశాను. సల్ఫా పొడి చల్లి కట్టు కట్టాను. బతికాడు. కానీ కొంత పొర మిగిలి ఉండిన ఆ కుడి చెవే అతనికి ఉన్న వినికిడి. ఆ వానాకాలం అంతా రోజూ తుడిచి మందు వేసి ఉంటే అది నిలిచేది. ఇది బాధతో అంటున్న మాట కాదు. తర్వాత ఇరవై ఏళ్లు అలాంటి చెవులనే చూసినవాడిగా అంటున్నాను.

కట్టు విప్పిన రోజు అతని భార్య కొత్త పెసర్లు మూటగట్టుకుని వచ్చింది. "మీరు ఠాణల చెప్పవట్టే ఇడిచిన్రు. ఊర్లె అందరికి చెప్పిన" అంది.

నేను కాదు అనలేదు. పెసర్లు తీసుకున్నాను. ఇంట్లో మా అమ్మ ఎక్కడివని అడిగితే, ఒక రోగి ఇచ్చాడన్నాను. పెద్దలు అడిగితే లేదు అనలేని జబ్బు పల్లెవాళ్లకే ఉందని అంతవరకు అనుకున్నాను. చిన్నవాళ్లు మెచ్చుకుంటే కాదు అనలేని జబ్బు నాకుంది.

తర్వాతి నా ఉద్యోగం గురించి సన్మాన పుస్తకంలో చాలా ఉంది కాబట్టి ఇక్కడ కొంచెమే చెబుతాను. మెదక్ నుంచి హైదరాబాద్‌కు బదిలీ అయ్యాను. చెవి, ముక్కు, గొంతు విభాగంలో చేరాను. పై చదువుకు మద్రాసు పోయి వచ్చాను. మొదట రాయాలనుకున్న వ్యాసం చించేశాను. చెవి కారడం వల్ల పల్లెల్లో ఎంతమంది వినికిడి పోతోందో మళ్లీ మొదటినుంచి చూడాలనుకుని, శివ్వంపేట, టేక్మాల్ వైపు ఊరూరా తిరిగాను. తర్వాత వినికిడిని కొలిచే ఆడియోమీటరు వచ్చింది. మనుషులు మాత్రం మారలేదు. చెవులకు డబ్బాలు తగిలించి, చప్పుడు వినిపిస్తే వేలెత్తమని చెప్పి బటన్ నొక్కితే, మా చెయ్యి కదలడం చూసి వేలెత్తేవారు.

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పరీక్ష మొదలయ్యే ముందు రోగి చేత లేదు అనిపించాలి. మోగని ఫోర్కు పెట్టి అడుగుతాను. ఇనవడ్తుందంటే నవ్వి, దాన్ని అతని చేతికే ఇచ్చి, నా చెవి దగ్గర పెట్టమంటాను. "లేదు, నాకు వినిపించడం లేదు" అంటాను. డాక్టరే లేదన్నాడని వాళ్లకు ఆశ్చర్యం. అప్పుడు మళ్లీ వాళ్ల వంతు. కొందరికి ఒక్కసారి చాలు. కొందరికి అరగంట పడుతుంది. లేదు అన్న మాట నోట్లోంచి వచ్చాకే, వాళ్ల వెనకకు వెళ్లి అసలు పరీక్ష మొదలుపెడతాను. నా దగ్గర పని చేసిన కుర్ర డాక్టర్లు మొదట దీన్ని చూసి నవ్వుకునేవారు. తర్వాత వాళ్లూ నేర్చుకున్నారు. ఈ పద్ధతితో చూసినప్పుడు వినికిడి తగ్గినవాళ్లు మేం అంతవరకు అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువని తేలింది. నాకు వచ్చిన పేరంతా దీనికే వచ్చింది.

ఇది ఎలా తట్టింది అని సభల్లో అడిగేవారు. చొక్కా చెయ్యి తగిలిన సంగతి, ముసలమ్మ మాట చెప్పేవాణ్ని. అందరూ నవ్వేవారు. అక్కడితో ఆపేవాణ్ని. ఆ వారం ఠాణాలో ఎవరున్నారో చెప్పేవాణ్ని కాదు.

బండివాణ్ని మధ్యలో చూడకుండా లేను. ఒకసారి కుల్చారం వైపు శిబిరం పెట్టినప్పుడు అతనూ భార్యా వచ్చారు. ఎడమ చెవి ఎముకలో కొంచెం వినికిడి మిగిలిందని తెలిసి, రబ్బరు గొట్టానికి ఒక చివర చిన్న రేకు గరాటు బిగించి ఇచ్చాను. గొట్టాన్ని చెవిలో పెట్టుకుంటే, గరాటులో దగ్గరగా మాట్లాడిన మాట అందుతుంది. ఆ రోజు కూడా ఆమె శిబిరానికి వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "మా ఇంటాయనను జైలుకెల్లి ఇడిపించిన డాక్టరు గీయన్నే" అని చెప్పింది. ఆ కథను మోసింది ఆమే. ఆమెను మోయనిచ్చింది నేను.

సన్మానం వాళ్లు వచ్చి చదివి వెళ్లిన తర్వాత రెండు మూడు రోజులు ఏమీ చేయలేదు. పుస్తకంలోంచి ఆ పేజీ తీయించడం తేలిక. ఆమె మనసులో ఉన్నదాన్ని నేనే పోయి తీయాలి. బస్సెక్కి మెదక్ పోయి, అక్కడినుంచి వాళ్ల ఊరికి పోయాను.

మధ్యాహ్నం. ఆమె వాకిట్లో చాటతో కందులు చెరుగుతోంది. జుట్టు సగం నెరిసింది. అతను కొట్టం నీడలో మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నన్ను చూసి లేచి దండం పెట్టాడు.

"అయ్యో, సారూ! కబురన్న పంపకపోతిరి" అంది ఆమె. "కూసోండ్రి. చాయ్ పెడ్త. మా కోడలు లేదు గని, ఉంటే మంచిగ పెడ్తుండె."

"చాయ్ తర్వాత తాగుతానమ్మా. ముందు ఒక మాట చెప్పాలి."

మంచం మీద అతని పక్కన కూర్చుని, ఇద్దరినీ చూస్తూ చెప్పాను. ఆ రోజు దవాఖానలో అమీన్‌కు ఏం చెప్పానో, అది తప్పని ఎప్పుడు తెలిసిందో, ఠాణాలో చాయ్ తాగి ఏం చెప్పకుండా వచ్చానో, బయటికి వచ్చి ఆమెతో ఏం అన్నానో అన్నీ చెప్పాను. నా మొహం చూస్తూ అతను ప్రతి మాటకూ తలాడించాడు. "అవునయ్యా" అన్నాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా. పెద్ద డాక్టరు ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నాడన్న సంతోషం అది.

ఆమె చాట కింద పెట్టింది.

"అంటే మీరు చెప్పలేదా?"

"చెప్పలేదు."

"నేను పెసర్లు తెచ్చినప్పుడు గుడ చెప్పలేదు."

"చెప్పలేదు."

"నేను ఎంతమందికి చెప్పిన సారూ! మా అన్న పిల్లలకు చెప్పిన. సంత కాడ చెప్పిన. నీ పేరు జెప్పి దీపం గుడ పెట్టిన ఒకపారి." కోపంగా అనలేదు. ఎక్కడెక్కడ చెప్పిందో గుర్తు చేసుకుంటున్నట్టుగా ఉంది. కాసేపటికి నా వైపు సూటిగా చూసింది. "సరే, నాకు జెప్పినవు. ఆయనకు జెప్పలే గదా."

"ఇక్కడే కూర్చుని..."

"ఆయన అన్నిటికి గట్లనే అంటడు. నీకు తెల్వదా?"

లోపలికి పోయి గొట్టం తెచ్చింది. రబ్బరు పగిలిన చోట గుడ్డ పీలిక చుట్టి ఉంది. దాన్ని అతని ఎడమ చెవిలో పెట్టి, గరాటు నా చేతికి ఇచ్చి, దూరంగా పోయి గుంజకు ఆనుకుని నిలబడింది.

మొత్తం మళ్లీ చెప్పాను. ఈసారి చిన్న చిన్న మాటలుగా, గరాటులోకి, అతని మొహం చూడకుండా. "నీకు వినిపించదని నేను చెప్పి ఉంటే వదిలేసేవాళ్లు. వినిపిస్తుందని చెప్పాను. తప్పని తర్వాత తెలిసింది. అయినా చెప్పలేదు. నీ కుడి చెవి అందుకే పోయింది." ఆగి, "మాఫ్ చెయ్యి" అన్నాను.

తల ఎత్తి చూశాను. అతని తల ఆడలేదు. చేతిలోని తాడును చూసుకుంటున్నాడు. తర్వాత చెవిలోంచి గొట్టం తీసి, మెల్లగా చుట్ట చుట్టి మంచం మీద పెట్టాడు. లేచి, నా వైపు చూడకుండా, నాకు దండం పెట్టకుండా, కొట్టం వెనక్కి ఎడ్ల దగ్గరికి పోయాడు. నీళ్ల తొట్టిలో కుండ ముంచిన చప్పుడు వినిపించింది.

"ఇన్నడో లేదో" అన్నాను.

"ఇన్నడు" అంది ఆమె. చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఇనకపోతె అవునయ్యా అంటుండె."